పిక్కల్లో కండ దానంతటదే కొట్టుకుంటోంది, ఇది నిజంగా టెన్షన్ వల్లేనా?

చిక్కడపల్లి_లైబ్రరీ
గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, అశోక్‌నగర్‌లో రూమ్. కొన్ని వారాలుగా రెండు పిక్కల్లోనూ కండ అదురుతోంది. నొప్పి లేదు. మంచం మీద కాలు చాపి చూస్తే చర్మం కింద కదలడం కంటికి కనిపిస్తుంది. రూమ్మేట్‌కి చూపిస్తే "నీ కాల్లో చేపపిల్ల దూరిందిరా" అన్నాడు. మొదట పిక్కలే, ఇప్పుడు కనురెప్ప, బొటనవేలి కింద కండ, ఒక్కోసారి భుజం. లేచి నడిస్తే ఆగిపోతుంది, పుస్తకం ముందు కూర్చుంటే మళ్ళీ మొదలు. గూగుల్ చేస్తే ఏఎల్ఎస్ అని వచ్చింది, నరాలు పాడై కండలు కరిగిపోయే ప్రాణాంతక జబ్బట, ఆ పేజీ చదివిన రాత్రి నుంచి నిద్ర సరిగా లేదు. దగ్గర్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే రెండు నిమిషాల్లో "ఏం లేదయ్యా, టెన్షన్ తగ్గించుకో" అని బీకాంప్లెక్స్ రాసి పంపేశారు. టెన్షన్ పడితే తలనొప్పి రావాలి, గుండె దడ రావాలి. పిక్క ఎందుకు కొట్టుకుంటుంది? ఎవరికైనా ఇలా వచ్చి తగ్గిందా?

పెసరట్టు_ఉప్మా
కనురెప్ప కుడిదా ఎడమదా? కుడిదైతే ఈసారి ఉద్యోగం ఖాయం, స్వీట్లు కొనిపెట్టుకో.

గోదారి_గట్టు
అవును, మగవాళ్ళకి కుడికన్ను అదిరితే మంచిదట. నాకు పోయిన వేసవిలో వారమంతా కుడికన్నే అదిరింది, ఆ వారమే బండికి చలానా పడింది. శాస్త్రం అప్‌డేట్ చేయాలి.

కోడ్_కూలీ
తమ్ముడూ, జోకులు పక్కన పెట్టు, నాది అచ్చంగా నీ కథే. మా ప్రాజెక్ట్ రిలీజ్ టైమ్‌లో రాత్రుళ్ళు మేలుకుని, కాఫీ మీద కాఫీ తాగుతూ, కుర్చీలోంచి లేవకుండా పనిచేసిన రోజుల్లో మొదలైంది. మొదట ఎడమ పిక్క, తర్వాత ఎక్కడ పడితే అక్కడ. నేనూ గూగుల్ చేశాను, నాకూ అదే పేరు కనిపించింది. అసలు నరకం అక్కడి నుంచే. పొద్దున లేవగానే మడమల మీద నడిచి చూడటం, మునివేళ్ళ మీద నడిచి చూడటం, సీసా మూత తిప్పి చేతిలో పట్టుందో లేదో చూడటం, అద్దంలో నాలుక చాపి అది వణుకుతోందా అని చూడటం. చాపిన నాలుక ఎవరిదైనా కాస్త వణుకుతుందని నాకు అప్పుడు తెలీదు. రోజంతా మడమల మీద నడిస్తే కాళ్ళు నొప్పెట్టవా? నొప్పి పుడితే "ఇదిగో బలహీనత మొదలైంది" అని మళ్ళీ భయం. రిలీజ్ అయిపోయి, సెలవు పెట్టి ఊరెళ్ళి కంటినిండా నిద్రపోయాక బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, ఇప్పటికీ నిద్ర తక్కువైన మర్నాడు పిక్క పలకరిస్తుంది. పట్టించుకోను.

చిక్కడపల్లి_లైబ్రరీ
@కోడ్_కూలీ అన్నా, మడమల మీద నడవడం నేనూ రోజూ చేస్తున్నా. ఆ నాలుక సంగతి ఇప్పటిదాకా నాకు తెలీదు, ఇప్పుడే అద్దంలో చూసుకుని వచ్చా.

కోడ్_కూలీ
చెప్పి చెడ్డపని చేశానా ఏంటి.

బీ12_బాబాయ్
ఇది కచ్చితంగా బీ12 లోపం. నా పేరు చూసే అర్థమై ఉండాలి. మా ఇంట్లో నలుగురికీ తక్కువే వచ్చింది. మెస్ తిండి, టీ మీద బతికేవాళ్ళకి ఇంకేముంటుంది ఒంట్లో? ముందు ఆ టెస్ట్ చేయించు, ఇంజక్షన్లు పడితే ఎగిరి గంతేస్తావు. టెన్షన్ అనేది డాక్టర్లకి ఏమీ తోచనప్పుడు చెప్పే మాట.

ఫిజియో_సుధ
"పిక్క ఎందుకు కొట్టుకుంటుంది" అన్నదానికి నాకు తెలిసినంత చెప్తాను. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నరకణం కొన్ని వందల కండపోగుల్ని ఆడిస్తుంది, పిక్కలాంటి పెద్ద కండలో ఇంకా ఎక్కువ. మనం అడక్కుండానే ఆ నరం ఒకసారి సిగ్నల్ ఇచ్చేస్తే దాని కింద ఉన్న పోగులన్నీ ఒక్కసారి ముడుచుకుంటాయి, చర్మం కింద కనిపించే అదురు అదే. డాక్టర్లు ఫాసిక్యులేషన్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎక్కువగా పిక్కల్లోనే.

టెన్షన్‌కీ దీనికీ లింకు ఎక్కడంటే, ఆందోళనలో అడ్రినలిన్ పెరిగి నరాలు తొందరగా స్పందించే స్థితిలో ఉంటాయి. దానికి తోడు మనకి తెలియకుండానే ఊపిరి వేగంగా, పైపైన తీస్తాం. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దానివల్ల రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం కాస్త తగ్గుతుంది, ఆ కాల్షియం తగ్గితే నరం చిన్నదానికే ఉలిక్కిపడుతుంది. బాగా భయపడ్డప్పుడు మూతి చుట్టూ తిమ్మిర్లెక్కడం, వేళ్ళు కొంకర్లు పోవడం చూసే ఉంటారు, అది ఇందుకే. నిద్రలేమి, కెఫీన్, గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం, లేదా అలవాటు లేకుండా ఒక్కసారిగా ఎక్కువ వ్యాయామం చేయడం కూడా దీన్ని పెంచుతాయి. కాబట్టి మీ డాక్టర్ చెప్పింది తప్పు కాదు, చెప్పిన తీరు బాగాలేదు, అంతే.

లేచి నడిస్తే ఆగిపోతుంది అన్నారు కదా, అది మామూలు అదురు లక్షణమే. కాకపోతే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ధైర్యం తెచ్చుకోకండి. ముఖ్యంగా చూడాల్సింది పట్టు తగ్గిందా, కండ సన్నబడిందా అన్నది.

వరంగల్_వనజ
సుధ గారు బాగా చెప్పారు కానీ నేను బాబాయ్ పక్షాన ఒక మాట అంటా. ఆడవాళ్ళం ఏ బాధ చెప్పినా ముందు వినిపించే మాట టెన్షనే. నాకు చేతులు వణుకు, గుండె దడ, ఏం తిన్నా బరువు తగ్గిపోవడం, రాత్రి చెమటలు. ఒక డాక్టర్ "ఇంట్లో గొడవలా అమ్మా?" అని అడిగి నిద్రమాత్ర రాసిచ్చాడు. మా ఆడపడుచు పోరుపెట్టి థైరాయిడ్ టెస్ట్ చేయిస్తే అది ఎక్కువ పనిచేస్తోందని తేలింది. మందులు వాడాక వణుకూ పోయింది, "టెన్షనూ" పోయింది. ముందు టెస్టులు, ఆ తర్వాతే మనసు సంగతి.

బీ12_బాబాయ్
శభాష్ వనజమ్మా.

ఫిజియో_సుధ
@వరంగల్_వనజ మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా అక్కా. ఒక్క తేడా చెప్తా. మీది చేతి వణుకు, అంటే వేళ్ళు లయగా ఊగడం. ఈ తమ్ముడిది కండలో ఒకచోట అదురు. రెండూ వేరు, డాక్టర్‌కి చెప్పేటప్పుడు ఏది అన్నది స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు ఫోన్ ఉంది కదా, అదిరేటప్పుడు వీడియో తీసి చూపిస్తే సగం పని అయిపోతుంది. థైరాయిడ్, బీ12, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఒకసారి చూడటం ఎవరికైనా మంచిదే. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలా ఉంటే వాళ్ళ మందుల చీటీ కూడా చూడండి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే బీ12 తగ్గొచ్చు, గ్యాస్ మాత్రలు అలాగే వేసుకుంటూ పోతే కొందరికి మెగ్నీషియం పడిపోతుంది, బీపీకి ఇచ్చే నీరు మాత్రలతో పొటాషియం పోతుంది, ఉబ్బసం పంపు ఎక్కువ కొడితే చెయ్యి వణుకుతుంది.

మిర్చి_తోట
చదువుకున్నోళ్ళంతా మాట్లాడుతున్నారు, నేనొక మాట చెప్తా. మాది పల్నాడు. మా పక్క చేను కుర్రాడికి కండలు అదరడం మొదలైతే వాళ్ళింట్లో ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. ఆ పొద్దున వాడు చేలో పురుగుమందు కొట్టాడు, చొక్కా ముందుభాగమంతా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. నేను వెళ్ళేసరికి నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, చాతీ మీదా తొడల మీదా కండలు చిటపటలాడుతూ కదులుతున్నాయి, కంటిపాప సూదిమొనంత అయిపోయింది. చొక్కా పీకేసి, సబ్బునీళ్ళతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డబ్బా చూడగానే అట్రోపిన్ అనే విరుగుడు మొదలుపెట్టారు. బతికాడు. మోనోక్రోటోఫాస్ జాతి మందులు తాగితేనే కాదు, చర్మం మీద పడి నానినా లోపలికి వెళ్తాయని అప్పుడు చెప్పారు. అందుకని ఎవరైనా మందు కొట్టొచ్చాక కండలు అదురుతున్నాయంటే అక్కడ టెన్షను, గూగులు ఏమీ వద్దు, బండెక్కించడమే.

గోదారి_గట్టు
@మిర్చి_తోట అన్నా, ఈ పోస్టు పైన పిన్ చేసి పెట్టాలి.

ఫిజియో_సుధ
అవును. ఆ మందులు నరానికీ కండకీ మధ్య సిగ్నల్‌ని ఆపాల్సిన ఎంజైమ్‌నే పనిచేయనివ్వవు, అందుకే కండ ఆగకుండా అదిరి, చివరికి అలసిపోయి పడిపోతుంది. ఊపిరి కండలు కూడా. గంటల్లో వచ్చే ప్రమాదం అది, వారాలుగా పిక్క కొట్టుకోవడం లాంటిది కాదు. డబ్బా తీసుకెళ్ళడం చాలా మంచి పని.

చిక్కడపల్లి_లైబ్రరీ
నేను పుస్తకాలు తప్ప ఏదీ పిచికారీ చేయలేదు. అసలు భయం ఏఎల్ఎస్ గురించే. ఎవరూ దాని సంగతి సూటిగా చెప్పట్లేదు.

కాకినాడ_కాజా
నేను చెప్తాను. మా నాన్నకి అదే వచ్చింది. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నా, ఎందుకంటే ఇక్కడ భయపడుతున్నవాళ్ళకి అది నిజంగా ఎలా మొదలవుతుందో తెలిస్తే మంచిదనిపించింది.

నాన్న ఒక్కరోజు కూడా "కండ అదురుతోంది" అనలేదు. ఆయన కుడికాలి చెప్పు జారిపోయేది. నడుస్తూ నడుస్తూ చెప్పు వెనకాల ఉండిపోయేది, ఆయన రెండడుగులు వేసేశాక గానీ చూసుకునేవారు కాదు. మేం చెప్పు వదులైందని కొత్తది కొన్నాం. అదీ జారింది. తర్వాత గుమ్మం దగ్గర బొటనవేలు తట్టుకోవడం, పాదం నేలకి టపటపా కొట్టుకోవడం. ఆ తర్వాత చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. డాక్టర్ చొక్కా విప్పించి, లైటు వేసి, భుజాల మీద కండ అదురుతోందని మాకు చూపించేదాకా అది ఉందనే మాకు తెలియదు, ఆయనకీ తెలియదు. అప్పటికే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. మాకు ముందు కనిపించింది పని చేయలేకపోవడం, అదురు కాదు.

మా న్యూరాలజిస్ట్ ఒక మాట అన్నారు, "నా దగ్గరికి పిక్క అదురుతోందని పరిగెత్తుకొచ్చే కుర్రాళ్ళలో ఈ జబ్బు కనపడదమ్మా, చెయ్యి సరిగా లేవట్లేదని నింపాదిగా వచ్చేవాళ్ళ గురించే నేను భయపడతాను" అని. లక్షమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు అది, అందులోనూ ఎక్కువమంది యాభై దాటినవాళ్ళు. తమ్ముడూ, నువ్వు మెట్లెక్కుతున్నావు, రాస్తున్నావు, మడమల మీద రోజూ నడుస్తున్నావు కూడా. మా నాన్న అది ఒక్కసారి కూడా చేయలేకపోయేవారు.

వరంగల్_వనజ
కాజా, ఇది రాయడానికి ఎంత గుండె కావాలో. థాంక్యూ తల్లీ.

పెసరట్టు_ఉప్మా
నా మొదటి పోస్టు తీసేయమంటారా?

కాకినాడ_కాజా
ఉంచండి. మా నాన్న ఉంటే ముందు మీ పోస్టుకే నవ్వేవారు.

డల్లాస్_బావ
ఆలస్యంగా చూశా ఈ చర్చ. కరోనా తర్వాత నాకూ పట్టుకుంది ఈ అదురు. ఇక్కడ ఈఎంజీ చేశారు, అంటే కండలోకి సన్నటి సూది గుచ్చి దాని కరెంటు సిగ్నల్ వింటారు, రేడియో స్టేషన్ దొరకనప్పటి గరగర శబ్దం వస్తుంది. దానికి ముందు నరాలకి చిన్న షాకులిచ్చి వేగం కొలుస్తారు. అంతా నార్మల్. ఒక నెల హాయిగా ఉన్నా, తర్వాత "సూది సరైన చోట గుచ్చలేదేమో" అని అనుమానం. ఇంకో డాక్టర్, ఇంకో ఈఎంజీ, మళ్ళీ నార్మల్, మళ్ళీ కొన్నాళ్ళకి అనుమానం. మూడోసారి వెళ్తే ఆ డాక్టరమ్మ సూది తీయకుండా మేయో క్లినిక్ వాళ్ళ 1993 నాటి పరిశోధన సంగతి చెప్పింది. బలహీనత లేకుండా ఉట్టి అదురు మాత్రమే ఉన్న 121 మందిని, కొందరిని 2 ఏళ్ళు, కొందరిని 32 ఏళ్ళ దాకా గమనిస్తే ఒక్కరికి కూడా ఏఎల్ఎస్ రాలేదు. "నువ్వు 122వ వాడివి, వెళ్ళి పడుకో" అంది. అప్పుడు నన్ను పంపింది కౌన్సెలర్ దగ్గరికి. నిజం చెప్పాలంటే టెస్టుల కన్నా ఆ కౌన్సెలింగే పనిచేసింది. పరీక్ష చేసుకోవాలనిపించిన ప్రతిసారీ చేసుకోకుండా ఊరుకోవడం, అంతే ఆ వైద్యం. వినడానికి తేలిక, మొదటి రెండు వారాలు చచ్చేంత కష్టం.

ఇంకో సరదా సంగతి, ఇది డాక్టర్లకీ వైద్య విద్యార్థులకీ మరీ ఎక్కువట. తెలిసినకొద్దీ భయం.

బీ12_బాబాయ్
అమెరికాలో కౌన్సెలర్ ఉంటాడు బావా, అశోక్‌నగర్ రూములో ఎవడున్నాడు? ఇంజక్షన్ అయితే సందు చివర దొరుకుతుంది.

డల్లాస్_బావ
ఫోన్ ఉంది కదా బాబాయ్. ప్రభుత్వం 2022లో టెలీమానస్ పెట్టింది, 14416కి కొడితే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చులేదు. మా మేనకోడలు ఇంటర్ పరీక్షలప్పుడు చేసింది, ఓపిగ్గా విన్నారని చెప్పింది.

నైట్‌షిఫ్ట్_నాని
ఇంత రాద్ధాంతం ఎందుకు, మెడికల్ షాపులో అడిగితే ఆల్ప్రాజోలం ఇస్తాడు, సగం వేసుకుంటే అదురూ ఉండదు, గుబులూ ఉండదు. నేను రోజూ అదే.

ఫిజియో_సుధ
@నైట్‌షిఫ్ట్_నాని చీటీ లేకుండా దాన్ని ఎవరూ మొదలుపెట్టకండి దయచేసి. తొందరగా అలవాటైపోతుంది, మానేసిన రోజున వణుకు, అదురు, గుబులు అన్నీ ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తాయి. మీరూ ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సైకియాట్రిస్ట్‌ని కలిసి కొంచెం కొంచెంగా తగ్గించుకోండి.

నైట్‌షిఫ్ట్_నాని
అంత పెద్ద విషయమని షాపువాడు చెప్పలేదే.

గోదారి_గట్టు
షాపువాడు చెప్తే షాపెలా నడుస్తుంది నానీ.

చిక్కడపల్లి_లైబ్రరీ
అప్‌డేట్. వేరే ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళా, సుధ గారు చెప్పినట్టు వీడియో తీసుకెళ్ళా. ఆయన పడుకోబెట్టి మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశారు, కాలు తోయమన్నారు, లాగమన్నారు, అరికాలి మీద గీశారు. పట్టు బాగుంది, ఏఎల్ఎస్ ఆలోచన వదిలెయ్ అన్నారు. థైరాయిడ్, కాల్షియం, పొటాషియం నార్మల్. బీ12 మాత్రం 230 వచ్చింది, ల్యాబ్ వాళ్ళ రేంజ్ 200 నుంచి మొదలవుతుంది. మాత్రలు రాశారు. టీ తగ్గించి, రాత్రి పన్నెండింటికల్లా పడుకోమన్నారు. ఈఎంజీ అవసరం లేదు, బలహీనతేమైనా అనిపిస్తే అప్పుడు రమ్మన్నారు. అదురు ఇంకా ఉంది, కానీ దాన్ని చూస్తూ కూర్చోవట్లేదు.

బీ12_బాబాయ్
నేను ముందే చెప్పలేదా!!! 230 అంటే లేనట్టే.

కోడ్_కూలీ
రేంజ్‌లోనే ఉంది కదా బాబాయ్, 200 నుంచి నార్మల్ అంటున్నాడు.

బీ12_బాబాయ్
అంచు మీద ఉంది. గోడ మీద పిల్లి.

ఫిజియో_సుధ
ఆ అంకె దగ్గర ఇద్దరూ సగం సగం కరెక్టే. 200 దాటినా అంచున ఉంటే కొందరికి లక్షణాలు ఉంటాయి, అందుకే మాత్రలు రాసి ఉంటారు. అయితే బీ12 లోపంలో ఎక్కువగా కనిపించేది అరికాళ్ళ తిమ్మిర్లు, మొద్దుబారడం, నీరసం, నాలుక మంట. ఉట్టి అదురు ఒక్కటే ఉంటే దాని నెత్తిన మొత్తం వేయలేం. నిద్ర, టీ, బీ12 మూడూ ఒకేసారి సరిచేస్తే ఏది పనిచేసిందో తేలదు, తేలకపోయినా పర్లేదు.

బీ12_బాబాయ్
తగ్గితే క్రెడిట్ నాకే.

వరంగల్_వనజ
బాబాయ్‌కి ఒక బీ12 ఇంజక్షన్ కుండలో పెట్టి సన్మానం చేద్దాం.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
వేరే చర్చ తెరవడం ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. మా అమ్మకి ఎడమ కింది రెప్ప కొన్ని నెలలుగా అదురుతోంది. శకునం మంచిదే అని ఆవిడ ఊరుకుంది. ఈ మధ్య ఆ పక్క బుగ్గ కూడా లాగుతోంది, ఫోటోలో నోరు ఒక పక్కకి పోయినట్టుంది. ఇదీ టెన్షనేనా?

ఫిజియో_సుధ
లేదండీ, దీన్ని చూపించాలి. రెప్ప ఒక్కటే అదిరితే సాధారణంగా కొన్ని రోజుల్లోనో వారాల్లోనో దానంతటదే పోతుంది. బుగ్గకీ నోటికీ పాకిందంటే, ముఖంలో ఒక పక్కనే కన్ను మూసుకుపోయేలా లాగుతోందంటే హెమీఫేషియల్ స్పాజమ్ కావచ్చు. ముఖానికి వెళ్ళే నరం మీద లోపల రక్తనాళం ఒత్తుకోవడం దానికి మామూలు కారణం. ఎమ్మారై తీస్తారు, బొటాక్స్ ఇంజక్షన్లతో చాలామందికి బాగా తగ్గుతుంది. ఒక్కసారిగా మూతి వంకరపోయి మాట తడబడినా, చెయ్యి పడిపోయినా మాత్రం అది పక్షవాతం కావచ్చు, అప్పుడు వెంటనే ఆసుపత్రికి.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
మాట బాగానే ఉంది, చెయ్యి బాగానే ఉంది. న్యూరాలజీకి అపాయింట్‌మెంట్ తీసుకుంటా. అమ్మని ఒప్పించడమే కష్టం, ఎడమకన్ను అదిరితే తమ్ముడికి పెళ్ళి కుదురుతుందని ఎదురుచూస్తోంది.

పెసరట్టు_ఉప్మా
పెళ్ళి కుదిరాక చూపిస్తానంటుందేమో, తమ్ముణ్ణి అడ్డం పెట్టి ఈ వారమే తీసుకెళ్ళండి.